వాల్వు రేడియో విద్యుత్ సరఫరా పునరుద్ధరణ

వాల్వు రేడియో విద్యుత్ సరఫరా పునరుద్ధరణ అనగా, ట్రాన్సిస్టర్లు వాడుకలోకి రాకముందు తయారైన రేడియోలలో ఇంటి విద్యుత్తును వాల్వులకు కావలసిన రూపంలోకి మార్చే భాగాన్ని తిరిగి సురక్షితమైన స్థితికి తీసుకురావడం. ఎండి పగిలిన తీగలను, పాడైన కండెన్సర్లను మార్చడం, ఫ్యూజు అమర్చడం, తగిన రేడియోలకు ఎర్తు కలపడం ఇందులో ముఖ్యమైన పనులు. పాఠ్యపుస్తకాలలో కెపాసిటర్ అని వ్రాసే విడిభాగాన్ని పాతతరం రేడియో మెకానిక్కులు కండెన్సర్ అని పిలుస్తారు. ఈ వ్యాసంలో ఆ పేరే వాడబడింది.

ఈ రేడియోల లోపల సాధారణంగా 200 నుండి 300 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉండగలదు. అంతేకాక కొన్ని రేడియోలలో లోపలి లోహపు చట్రం, అనగా ఛాసిస్, నేరుగా ఇంటి విద్యుత్తుకు కలిసి ఉంటుంది. ఒక రకం రేడియోలో ప్రాణరక్షణ కలిగించే ఎర్తు తీగ, మరొక రకం రేడియోలో ప్రమాదానికి కారణమవుతుంది. కాబట్టి ఏ తీగనైనా విప్పే ముందు రేడియో ఏ రకానికి చెందినదో తేల్చుకోవడం ఈ పనిలో మొదటి మెట్టు.

నేపథ్యం

హైదరాబాదులో నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో 1935 ఫిబ్రవరి 3న డెక్కన్ రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. ఆనాటి ప్రసార యంత్రం శక్తి 200 వాట్లు మాత్రమే. 1950 ఏప్రిల్ 1న ఈ కేంద్రం ఆకాశవాణిలో విలీనమైనది. అంతకు ముందే మద్రాసులో 1938 జూన్ 16న, విజయవాడలో 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రాలు ప్రారంభమై తెలుగు శ్రోతలకు చేరువయ్యాయి. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైన తరువాత మధ్యతరగతి ఇళ్ళలో రేడియో వినే అలవాటు మరింత పెరిగింది.

ఆ కాలంలో ఫిలిప్స్, మర్ఫీ, బుష్, జీ.ఇ.సి., నేషనల్ ఎకో, హెచ్.ఎం.వి. వంటి సంస్థల రేడియోలు భారతదేశంలో వాడుకలో ఉండేవి. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించింది. రేడియో కలిగి ఉండడానికి లైసెన్సు అవసరమయ్యేది. తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించి దానిని పునరుద్ధరించుకొనేవారు. 1960ల చివరి నుండి ట్రాన్సిస్టరు రేడియోలు చౌకగా లభించడంతో వాల్వు రేడియోలు క్రమంగా అటకలెక్కాయి.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పక్కపక్కనే ఉన్న పేటలు. త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, ఆర్టీసీ క్రాస్ రోడ్డు సినిమా థియేటర్లు ఈ పరిసరాలలోనివే. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు అద్దె గదులలో, హాస్టళ్ళలో అధిక సంఖ్యలో నివసించే ప్రాంతం కూడా ఇదే. ఇటువంటి పాత పేటలలో సొంత ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు తాతల కాలం నాటి రేడియోలు బయటపడుతుంటాయి. అటువంటి రేడియో చేతికి అందగానే "పలుకుతుందేమో చూద్దాం" అని ప్లగ్గు పెట్టడం సహజమైన కోరిక. కాని దశాబ్దాల పాటు వాడకుండా ఉన్న రేడియోకు ఒక్కసారిగా 230 వోల్టులు ఇవ్వడం వలన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు, కండెన్సరు పగిలిపోవచ్చు, తాకినవారికి విద్యుదాఘాతం కలగవచ్చు.

ఆ రేడియోలు తయారైన నాటి ఇంటి వైరింగు కూడా వేరు. పాత ఇళ్ళలో చెక్క పట్టీల మీద బిగించిన తీగలు, ఎర్తు లేని రెండు రంధ్రాల సాకెట్లు ఉండేవి. అందుకు తగినట్లే చాలా రేడియోలకు రెండు తీగల త్రాడు, రెండు పిన్నుల ప్లగ్గు మాత్రమే అమర్చేవారు.

విద్యుత్ సరఫరా పనిచేసే విధానం

భారతదేశంలో గృహాలకు 230 వోల్టుల, సెకనుకు 50 ఆవర్తనాల ఏకాంతర విద్యుత్తు సరఫరా అవుతుంది. వాల్వుకు రెండు రకాల విద్యుత్తు కావాలి. మొదటిది హీటరును ఎర్రగా కాల్చడానికి కావలసిన తక్కువ వోల్టేజీ. చాలా వాల్వులలో ఇది 6.3 వోల్టులు. రెండవది వాల్వులోని ఆనోడుకు ఇవ్వవలసిన అధిక ఏకముఖ వోల్టేజీ. దీనిని మెకానిక్కులు హెచ్.టి. అంటారు.

సాధారణ ఏసీ రేడియోలో ఈ పనిని నాలుగు భాగాలు నిర్వహిస్తాయి.

1. ట్రాన్స్‌ఫార్మరు: 230 వోల్టులను ఒకవైపు 6.3 వోల్టులకు తగ్గిస్తుంది, మరొకవైపు 250 వోల్టులు లేదా అంతకు పైగా అందిస్తుంది. ఇంటి విద్యుత్తుకు, ఛాసిస్‌కు మధ్య నేరుగా సంబంధం లేకుండా చేసేది కూడా ఇదే.

2. రెక్టిఫయరు వాల్వు: ఏకాంతర విద్యుత్తును ఒకే దిశలో ప్రవహించేటట్లు చేస్తుంది. ఈజెడ్80, ఈజెడ్81, 5వై3 ఈ పనికి వాడిన వాల్వులు.

3. మొదటి కండెన్సరు: రెక్టిఫయరు నుండి వచ్చే విద్యుత్తును తొట్టిలో నీటివలె నిలువచేస్తుంది.

4. చోక్ లేదా రెసిస్టరు, రెండవ కండెన్సరు: ఇంకా మిగిలిన హెచ్చుతగ్గులను అణచివేస్తాయి. ఇవి సరిగా పనిచేయకపోతే స్పీకరులో "హుమ్" అనే నిరంతర శబ్దం వినిపిస్తుంది.

230 వోల్టులు అనేది ఏకాంతర విద్యుత్తు యొక్క ప్రభావ విలువ. దాని గరిష్ఠ విలువ సుమారు 325 వోల్టులు. అదే విధంగా 250 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మరు నుండి, వాల్వులు ఇంకా వేడెక్కి విద్యుత్తు తీసుకోని సమయంలో, కండెన్సర్ల మీద 350 వోల్టుల వరకు చేరగలదు. కొత్త కండెన్సర్లను 450 వోల్టుల సామర్థ్యం గలవిగా ఎంచుకోవడానికి ఇదే కారణం.

రెండు రకాల రేడియోలు

ఒకప్పుడు కలకత్తా వంటి నగరాలలోని కొన్ని ప్రాంతాలకు ఏకముఖ విద్యుత్తు సరఫరా అయ్యేది. ఏకముఖ విద్యుత్తుతో ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు. అందుచేత రెండు రకాల సరఫరాలపై పనిచేసేటట్లు, ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఏసీ/డీసీ రేడియోలను తయారుచేశారు. ఇవి చౌకగా, తేలికగా ఉండడం వలన ఏకాంతర విద్యుత్తు ఉన్న ఊళ్ళలో కూడా అమ్ముడుపోయాయి.

ఈ రేడియోలలో వాల్వుల హీటర్లన్నీ ఒకదాని వెంట ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. మిగిలిన వోల్టేజీని డ్రాపర్ అనే పెద్ద రెసిస్టరు భరిస్తుంది. ఉదాహరణకు యూసీహెచ్42, యూఎఫ్41, యూబీసీ41, యూఎల్41, యూవై41 వాల్వులు గల రేడియోలో హీటర్లకు వరుసగా 14, 12.6, 14, 45, 31 వోల్టులు కావాలి. వీటి మొత్తం 116.6 వోల్టులు. 230 వోల్టులలో మిగిలిన 113.4 వోల్టులు డ్రాపర్ భరించాలి. హీటర్ల ప్రవాహం 100 మిల్లీ ఆంపియర్లు కనుక దాని విలువ సుమారు 1,134 ఓంలు, అది వేడిగా వెదజల్లే శక్తి 11 వాట్లకు పైమాట. ఇటువంటి రేడియోలో ఇంటి విద్యుత్తు యొక్క ఒక తీగ సాధారణంగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గును తిప్పి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజు అవుతుంది.

రకాన్ని గుర్తించడానికి రెండు మార్గాలు కలవు.

వాల్వు పేరును బట్టి: యూరపు పద్ధతిలో పేరులోని మొదటి అక్షరం హీటరు స్వభావాన్ని తెలుపుతుంది. "ఈ" అయితే 6.3 వోల్టులు. "యూ" అయితే 100 మిల్లీ ఆంపియర్ల వరుస హీటరు. "డీ" అయితే బ్యాటరీ రేడియోలలో వాడే 1.4 వోల్టుల తరగతి. అమెరికా పద్ధతిలో పేరులోని మొదటి అంకె సుమారుగా హీటరు వోల్టేజీని తెలుపుతుంది. 35డబ్ల్యూ4, 50సీ5 వంటి పెద్ద అంకెలు కనిపిస్తే అది ట్రాన్స్‌ఫార్మరు లేని రేడియో అని అనుమానించాలి.

మీటరుతో పరీక్షించి: ప్లగ్గు తీసి, కండెన్సర్లను ఖాళీ చేసి, రేడియో స్విచ్చిని మాత్రం ఆన్ స్థితిలో ఉంచి, ప్లగ్గులోని ఒక్కొక్క పిన్నుకు, ఛాసిస్‌కు మధ్య ఓంలు కొలవాలి. నిజమైన ట్రాన్స్‌ఫార్మరు రేడియోలో రెండు పిన్నుల నుండీ పలు మెగా ఓంలు చూపాలి. ఏదైనా ఒక పిన్ను నుండి సున్నాకు దగ్గరగా చూపితే ఛాసిస్ ఇంటి విద్యుత్తుకు కలిసి ఉన్నట్లే. ఒక మెగా ఓముకు తక్కువ చూపే ఏ రేడియోనైనా కారణం తెలిసేవరకు ప్రమాదకరమైనదిగానే భావించాలి.

కంటికి ట్రాన్స్‌ఫార్మరు కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. కొన్ని రేడియోలలో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మరు. దానిలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ చుట్టలు కలిసే ఉంటాయి కనుక ఛాసిస్‌కు రక్షణ ఉండదు. అందుచేత పేరును, ఆకారాన్ని మించి మీటరు పరీక్షకే ప్రాధాన్యత ఇవ్వాలి.

ప్రమాదాలు

నిలిచిన విద్యుత్తు: 300 వోల్టులకు ఎక్కిన 50 మైక్రోఫారడ్ల కండెన్సరులో 2.25 జౌళ్ళ శక్తి ఉంటుంది. దాని దెబ్బకు చేయి అదిరి ఛాసిస్ అంచులకు, వేడి వాల్వుకు తగిలి గాయపడడం కూడా జరుగుతుంది.

ఎండిన రబ్బరు: ఆ కాలపు తీగలకు రబ్బరు పూత, దానిపై నూలు అల్లిక ఉండేవి. ఏళ్ళు గడిచే కొద్దీ రబ్బరు గట్టిపడి, వంచితే పెళుసుగా రాలిపోతుంది. పైన నూలు బాగానే కనిపించడం వలన లోపలి లోపం బయటపడదు.

మెయిన్స్ కండెన్సరు: చాలా రేడియోలలో గరగర శబ్దాన్ని తగ్గించడానికి విద్యుత్ తీగకు, ఛాసిస్‌కు మధ్య 0.01 మైక్రోఫారడ్ల కాగితపు కండెన్సరు ఉంచేవారు. అది మంచిగా ఉన్నప్పుడు కూడా 230 వోల్టుల వద్ద సుమారు 0.7 మిల్లీ ఆంపియర్ల ప్రవాహాన్ని ఛాసిస్‌కు చేరవేస్తుంది. ఎర్తు లేని రేడియోను తాకినప్పుడు కలిగే చిమచిమకు ఇది ఒక కారణం. అది షార్టు అయితే ఛాసిస్‌కు పూర్తి విద్యుత్తు వస్తుంది.

ఆర్.సి.సి.బి. పరిమితి: నేటి ఇళ్ళలో అమర్చే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఫేజు నుండి శరీరం ద్వారా నేలకు విద్యుత్తు పారినప్పుడు సరఫరాను ఆపుతుంది. కాని రేడియో ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు ఉన్న హెచ్.టి. విద్యుత్తు వలన కలిగే ఆఘాతాన్ని అది గుర్తించలేదు. అదే విధంగా వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచే వేరియాక్ అనే పరికరం కూడా ఆటో ట్రాన్స్‌ఫార్మరే. అది వోల్టేజీని తగ్గిస్తుంది గాని మనిషిని ఇంటి విద్యుత్తు నుండి వేరు చేయదు.

పనికి ముందు జాగ్రత్తలు

పొడి బల్ల, పొడి నేల, మంచి వెలుతురు ఉన్న చోట పని చేయాలి. ఉంగరాలు, గొలుసులు, లోహపు పట్టీ గడియారం తీసివేయాలి. విద్యుత్తు ఇచ్చి కొలతలు తీసేటప్పుడు ఒక చేతిని దూరంగా ఉంచడం పాతకాలపు మెకానిక్కులు పాటించిన మంచి పద్ధతి. ఒక చేతి నుండి గుండె మీదుగా మరొక చేతికి విద్యుత్తు పారే అవకాశం దీనివలన తగ్గుతుంది. ప్రధాన స్విచ్చి ఎక్కడ ఉన్నదో తెలిసిన మరొక వ్యక్తి దగ్గర ఉండాలి. అద్దె గదిలో ఒంటరిగా, రాత్రివేళ ఈ పని చేయడం తగదు.

కండెన్సర్లను ఖాళీ చేయడానికి 10 కిలో ఓంలు, 10 వాట్ల రెసిస్టరుకు రెండువైపులా ప్లాస్టిక్ తొడుగు గల క్లిప్పులు అతికి వాడాలి. ప్లగ్గు పూర్తిగా తీసిన తరువాత ఈ క్లిప్పులను కండెన్సరు యొక్క రెండు కొనల మధ్య తగిలించాలి. 100 మైక్రోఫారడ్లయినా సుమారు 5 సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది. తరువాత మీటరుతో కొలిచి 10 వోల్టుల లోపు ఉన్నదని నిర్ధారించుకోవాలి. ఖాళీ అయిన కండెన్సరులో కొంత వోల్టేజీ తిరిగి తలెత్తవచ్చు కనుక పని పూర్తయ్యేవరకు క్లిప్పులను అలాగే ఉంచడం మంచిది. స్క్రూడ్రైవరుతో షార్టు చేయడం వలన నిప్పురవ్వలు లేచి కంటికి, కండెన్సరుకు హాని జరుగుతుంది.

ఏ భాగాన్నైనా తీసే ముందు ఫోటోలు తీసి, తీగల రంగులను, అవి కలిసే చోట్లను కాగితం మీద గీసుకోవాలి. ఒకేసారి అన్నీ విప్పకుండా, ఒక్కొక్క భాగాన్ని మార్చి సరిచూసుకోవాలి.

ట్రాన్స్‌ఫార్మరు గల రేడియోలో మార్పులు

త్రాడు, ప్లగ్గు: పాత రెండు తీగల త్రాడు స్థానంలో ఐ.ఎస్.ఐ. గుర్తు గల, 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల త్రాడును, 6 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గును అమర్చాలి. భారతీయ వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అంతర్జాతీయ రంగులు గల త్రాడులో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు చారల ఆకుపచ్చ ఎర్తు. ఛాసిస్ రంధ్రం వద్ద రబ్బరు వాషరు, లోపల త్రాడును పట్టి ఉంచే క్లాంపు ఉండాలి. త్రాడును ముడివేసి వదిలే పాత అలవాటు సరిపోదు.

ఎర్తు: ఎర్తు తీగను ఛాసిస్‌పై పెయింటు, తుప్పు గీకిన చోట, దానికే కేటాయించిన బోల్టుతో, పళ్ళ వాషరు వేసి బిగించాలి. లోపల ఈ తీగ మిగిలిన రెండింటి కంటె కొంచెం పొడవుగా ఉండాలి. త్రాడు బలంగా లాగబడినప్పుడు ఎర్తు తీగ చివరగా తెగడం దీని ఉద్దేశం. సాకెట్టుకు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్లు రుజువు కాదు. పాత ఇళ్ళలో దానిని ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించాలి.

ఫ్యూజు: రేడియో 45 వాట్లు తీసుకొంటే ప్రవాహం సుమారు 0.2 ఆంపియర్లు. ఆన్ చేసిన క్షణంలో కొంత ఎక్కువ ప్రవహిస్తుంది కనుక 500 మిల్లీ ఆంపియర్ల, నెమ్మదిగా తెగే రకం ఫ్యూజు చాలా రేడియోలకు సరిపోతుంది. ఫేజు తీగ ముందుగా ఫ్యూజుకు, తరువాత స్విచ్చికి, ఆ తరువాత ట్రాన్స్‌ఫార్మరుకు చేరాలి. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం ప్రాణాంతకం.

వోల్టేజీ ట్యాపు: ట్రాన్స్‌ఫార్మరుపై 110, 200, 220, 245 వంటి ఎంపికలు ఉంటే ఇంట్లో లభించే వోల్టేజీకి సమానమైన లేదా దానికి పైన ఉన్న దానిని ఎంచుకోవాలి. తక్కువ ట్యాపు పెడితే హీటర్లు అధికంగా కాలి వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది.

హెచ్.టి. కండెన్సర్లు: వీటిలోని రసాయన ద్రవం కాలక్రమంలో ఎండిపోతుంది. వాడకుండా దాచిన పాత నిల్వ కండెన్సరు కూడా ఎండిపోయేదే కనుక కొత్తగా తయారైనవే కొనాలి. 450 వోల్టులు, 105 డిగ్రీల ఉష్ణోగ్రత తట్టుకొనే రకం తగినది. ధన, ఋణ కొనలు తారుమారైతే కండెన్సరు పేలుతుంది. విలువ పెంచితే హుమ్ తగ్గుతుందని ఇష్టం వచ్చినంత పెంచరాదు. ఈజెడ్80, ఈజెడ్81 వాల్వుల తరువాత వచ్చే మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్లకు మించరాదు. మించితే వాల్వు నుండి లాగబడే క్షణిక ప్రవాహం దానిని పాడుచేస్తుంది. పాత డబ్బాను అలంకారంగా ఉంచుకోవచ్చు, కాని దాని తీగలను పూర్తిగా విడదీయాలి.

బ్లీడరు: కండెన్సరు కొనల మధ్య 220 కిలో ఓంల రెసిస్టరును శాశ్వతంగా ఉంచితే, ఆపిన తరువాత నిలిచిన విద్యుత్తు తానే ఖాళీ అవుతుంది. 300 వోల్టుల వద్ద ఇది 0.41 వాట్లు తీసుకొంటుంది కనుక 1 వాటు రెసిస్టరు వాడాలి. దాని వోల్టేజీ పరిమితి కూడా సరిపోయేదై ఉండాలి. మొత్తం 100 మైక్రోఫారడ్లు ఉంటే 300 వోల్టులు 50కి దిగడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. బ్లీడరు ఉన్నప్పటికీ మీటరుతో కొలవడం మానరాదు.

రక్షణ తరగతి కండెన్సర్లు: ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఉన్నదాని స్థానంలో ఎక్స్2 తరగతి, ఛాసిస్‌కు కలిపేదాని స్థానంలో వై2 తరగతి కండెన్సరు మాత్రమే వాడాలి. వై తరగతి కండెన్సర్లు పాడైనప్పుడు షార్టు కాకుండా ఉండేటట్లు తయారుచేయబడతాయి.

కప్లింగు కండెన్సరు: చివరి వాల్వు గ్రిడ్డుకు సంకేతాన్ని చేరవేసే చిన్న కాగితపు కండెన్సరు విద్యుత్ సరఫరాలో భాగం కాదు. అయినా దానిలో లీకు ఉంటే చివరి వాల్వు అధిక ప్రవాహం లాగి, కొత్తగా బాగుచేసిన ట్రాన్స్‌ఫార్మరును, రెక్టిఫయరును కాల్చివేస్తుంది. అందుచేత దీనిని కూడా ఇదే సమయంలో మార్చాలి.

రెక్టిఫయరు వాల్వును తీసి 1ఎన్4007 వంటి సిలికాన్ డయోడులు పెట్టడం సులభమైన మార్గంగా కనిపిస్తుంది. కాని అప్పుడు హెచ్.టి. పెరుగుతుంది, వాల్వులు వేడెక్కకముందే అది పూర్తిగా వచ్చిపడుతుంది. మంచి వాల్వు దొరికినంతవరకు దానినే ఉంచడం ఉత్తమం.

ఏసీ/డీసీ రేడియోలకు ప్రత్యేక నియమాలు

ఈ రకం రేడియో ఛాసిస్‌కు ఎర్తు తీగను ఎట్టి పరిస్థితిలోనూ కలపరాదు. కలిపితే ఫేజు నేరుగా ఎర్తుకు షార్టు అయ్యే అవకాశం ఉన్నది. మూడు పిన్నుల ప్లగ్గు వాడి, ఎర్తు పిన్నును ఖాళీగా వదిలి, న్యూట్రల్ మాత్రమే ఛాసిస్ వైపు వచ్చేటట్లు కలపాలి. సాకెట్టులోనే ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉండవచ్చు కనుక ప్రతి కొత్త సాకెట్టు వద్ద ముందుగా టెస్టరుతో పరీక్షించాలి.

స్విచ్చి ఛాసిస్ వైపు తీగలో ఉంటే మరొక చిక్కు ఉన్నది. ప్లగ్గు సరిగానే ఉన్నా, స్విచ్చి ఆపినప్పుడు ఫేజు హీటర్ల ద్వారా ఛాసిస్‌కు చేరుతుంది. అనగా పలకని రేడియో పలికే రేడియో కంటె ప్రమాదకరమవుతుంది. కాబట్టి స్విచ్చిని ఫేజు వైపుకు మార్చాలి, లేదా రెండు తీగలనూ ఒకేసారి విడదీసే స్విచ్చి పెట్టాలి.

గుండీలను బిగించే చిన్న మరలు ఛాసిస్‌కు కలిసి ఉంటాయి కనుక వాటి గుంటలను మైనంతో పూడ్చాలి. గుండీలు, వెనుక అట్ట లేకుండా రేడియోను వాడరాదు. ఏరియల్ సాకెట్టు వద్ద ఉండే కండెన్సరు శ్రోతకు, ఇంటి విద్యుత్తుకు మధ్య అడ్డుగోడ వంటిది. దాని స్థానంలో వై తరగతిదే వాడాలి. కొన్ని అమెరికా రేడియోలలో విద్యుత్ త్రాడులోనే రెసిస్టరు తీగ, దాని చుట్టూ ఆస్బెస్టాస్ పొర ఉంటాయి. అటువంటి త్రాడును కత్తిరించి పొట్టి చేయడం వలన హీటర్లు కాలిపోతాయి. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కనుక దానిని గీకరాదు.

వీటన్నిటికంటె మేలైన రక్షణ 1:1 నిష్పత్తి గల, సుమారు 100 వోల్ట్ ఆంపియర్ల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. మరమ్మత్తు సమయంలో ఇది తప్పనిసరి. తరువాత కూడా దానిద్వారానే రేడియోను వాడడం మంచిది.

మొదటిసారి ఆన్ చేయడం

కొత్త వైరింగు తరువాత రేడియోను నేరుగా సాకెట్టుకు కలపకుండా సీరీస్ బల్బు ద్వారా కలపాలి. ఫేజు తీగలో 60 వాట్ల పాత తరహా ఫిలమెంటు బల్బును వరుసగా కలపడమే సీరీస్ బల్బు. రేడియోలో షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలిగి, ప్రవాహాన్ని 0.26 ఆంపియర్ల వద్ద ఆపుతుంది. లోపం లేకపోతే మొదట కాసేపు వెలిగి మందగిస్తుంది. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మరు గల రేడియోలో ఈ క్రింది క్రమం పాటించబడుతుంది.

1. స్పీకరు కలిపి ఉన్నదని చూడాలి. స్పీకరు లేకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పాడవుతుంది.

2. రెక్టిఫయరు వాల్వు తీసి ఆన్ చేయాలి. బల్బు మందంగా ఉండి, హీటర్ల వద్ద కొంత తక్కువ వోల్టేజీ కనిపిస్తే ట్రాన్స్‌ఫార్మరు బాగున్నట్లు భావించవచ్చు.

3. ప్లగ్గు తీసి, రెక్టిఫయరు పెట్టి తిరిగి ఆన్ చేయాలి. వాల్వులు వేడెక్కిన తరువాత బల్బు వెలుగు క్రమంగా పెరిగి ప్రకాశవంతంగా నిలిచిపోతే హెచ్.టి. వైపు లోపమున్నట్లే. వెంటనే ఆపాలి.

4. అంతా సవ్యంగా ఉంటే సీరీస్ బల్బు తొలగించి నేరుగా ఇవ్వాలి. హీటర్ల వద్ద 5.7 నుండి 6.9 వోల్టుల మధ్య ఉండాలి. హెచ్.టి. విలువను రేడియో సర్క్యూట్ పటంతో పోల్చాలి.

5. చివరి వాల్వు కేథోడు వోల్టేజీ కొలవాలి. ఈఎల్84 వాల్వుకు 135 ఓంల కేథోడ్ రెసిస్టరు ఉంటే సుమారు 7 వోల్టులు రావాలి. 10 వోల్టులకు మించితే వాల్వు అధిక ప్రవాహం లాగుతున్నట్లు.

6. మొదటి గంట రేడియోను వదిలి వెళ్ళరాదు. మధ్యలో ప్లగ్గు తీసి ట్రాన్స్‌ఫార్మరు వేడిని చూడాలి. మాడు వాసన, పొగ, మైనం కారడం కనిపిస్తే వాడకం ఆపాలి.

పరీక్షలన్నీ ముగిసిన తరువాత అమర్చిన ఫ్యూజు విలువను, రేడియో రకాన్ని, పని చేసిన తేదీని ఒక చీటీ మీద వ్రాసి పెట్టె లోపల అతికించడం మంచి ఆచారం. తరువాత దానిని తెరిచేవారికి అది ఎర్తు కలపదగిన రేడియోనా కాదా అన్నది వెంటనే తెలుస్తుంది.

విడిభాగాల లభ్యత

హైదరాబాదులో ఎలక్ట్రానిక్ విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ, విద్యుత్ సామగ్రికి ట్రూప్ బజారు పేరుపొందినవి. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైన మెట్రో మార్గంలో చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల తరువాత వచ్చే సుల్తాన్ బజార్ స్టేషను ఈ మార్కెట్లకు దగ్గర. ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలో పాత వస్తువులు అమ్ముతారు. పాత వాల్వులను, గుండీలను అటువంటి చోట వెదకవచ్చు గాని, త్రాడు, ఫ్యూజు, రక్షణ తరగతి కండెన్సర్లు మాత్రం కొత్తవే కొనాలి.

చారిత్రక విలువ

పాత రేడియోను కొత్తదానిలా మార్చివేయడం పునరుద్ధరణ లక్ష్యం కాదు. తీసిన కండెన్సర్లను, వాల్వులను కవరులో భద్రపరచడం, పెట్టెకు కొత్త రంధ్రాలు చేయకుండా ఉండడం, డయలును రసాయనాలతో కడగకుండా ఉండడం వలన వస్తువు యొక్క చరిత్ర నిలుస్తుంది. త్రాడు, ప్లగ్గు, ఎర్తు, ఫ్యూజు విషయంలో మాత్రం పాతదనానికి మినహాయింపు ఇవ్వాలి. మీటరు వాడకం, సోల్డరింగు తెలియనివారు రేడియోను పలికించకుండా అలంకార వస్తువుగా ఉంచుకోవచ్చు, లేదా వాల్వుల పని తెలిసిన మెకానిక్కుకు అప్పగించవచ్చు. పలికించని పక్షంలో కూడా ఎవరూ పొరపాటున ప్లగ్గు పెట్టకుండా పాత త్రాడును చుట్టి కట్టి, "పరీక్షించలేదు" అని చీటీ కట్టడం అవసరం.